కాంపస్ ప్లాంట్ అన్నారు కదా అని ఆకు దిక్కు చూసి తేల్చేయకండి

జులై వచ్చిందంటే ఇల్లినాయిస్, అయోవా, మిస్సోరి వైపు రోడ్ల పక్కన, రైలు పట్టాల వెంబడి మనిషిని మించిన ఎత్తులో పసుపు పువ్వులు విరగబూస్తాయి. కార్లో పోతూ చూస్తే అన్నీ పొద్దుతిరుగుడు పువ్వులే అనిపిస్తాయి. ఆగి దగ్గరికెళ్లి పువ్వు ఒక్కటే ఫోటో తీసి యాప్‌లో పెట్టినా పెద్దగా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఎత్తుగా పెరిగి పసుపు రేకులు విప్పే మొక్కలు అక్కడ చాలానే ఉన్నాయి, పైనుంచి చూస్తే వాటన్నిటి మొహం దాదాపు ఒకటే. వాటిలో ఒకటి కాంపస్ ప్లాంట్, శాస్త్రీయ నామం సిల్ఫియం లాసినియేటమ్. అమెరికా మధ్య భాగంలో ఒకప్పుడు కనుచూపు మేర పరుచుకున్న ఎత్తుగడ్డి మైదానాల, అంటే ప్రెయిరీల సొంత మొక్క ఇది, ఎవరో బయటి దేశం నుంచి తెచ్చి వదిలింది కాదు. దీన్ని సరిగ్గా గుర్తుపడితే అది నిలబడ్డ నేల చరిత్ర కూడా సగం చదివేసినట్టే.

పేరు ఎందుకొచ్చిందో మాత్రం ఎవర్ని అడిగినా చెప్తారు. నేల దగ్గర నుంచి నేరుగా లేచే పెద్ద ఆకులు నిలువుగా నిలబడి, అంచులు ఉత్తరం దక్షిణం వైపు, వెడల్పు మొహాలు తూర్పు పడమర వైపు పెట్టుకుంటాయి. ఇదేం కట్టుకథ కాదు. 1840ల్లో బెంజమిన్ ఆల్వోర్డ్ అనే సైనిక అధికారి ఈ సంగతి రాసి పంపితే మొదట్లో కొందరు అనుమానపడ్డారు గానీ తర్వాత కొలిచి చూసినవాళ్లకి నిజమేనని తేలింది. అసలు కారణం ఎండ. పొద్దునా సాయంత్రం ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు ఆకు మొహం నిండా వెలుతురు పడుతుంది, మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీదకొచ్చేసరికి అంచు మాత్రమే తగులుతుంది కాబట్టి ఆకు మరీ వేడెక్కదు, నీళ్లు మరీ ఆవిరైపోవు, చెట్టు నీడ దొరకని మైదానంలో బతకాలంటే ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఏముంటుంది. లేత ఆకు విచ్చుకుంటున్న రోజుల్లో పొద్దుటి ఎండ ఎటునుంచి పడుతుందో దాన్ని బట్టి ఆకు తిరిగి సర్దుకుంటుంది, ఒకసారి ముదిరాక ఇక అలాగే ఉండిపోతుంది.

ఇంత పేరున్న లక్షణమే గుర్తుపట్టడంలో అన్నిటికన్నా బలహీనమైనది. నీడలో పెరిగిన మొక్క ఆకులు ఇలా తిరగవు, చిన్న మొక్కల ఆకులు ఎటుపడితే అటు ఉంటాయి, గాలికి వాలిన ఆకులో మనిషో జంతువో తొక్కిన ఆకులో ఏ దిక్కూ చూపించవు, కాండం మీద పైకి వెళ్లేకొద్దీ ఆకులు ఈ నియమాన్ని అంతగా పట్టించుకోవు. మంచి ఆరోగ్యంగా ఉన్న మొక్కలో కూడా అన్ని ఆకులూ గీత గీసినట్టు ఉత్తరం చూపించవు, సుమారుగా అటువైపు ఉంటాయి అంతే. దారి తప్పినవాడు దీన్ని నమ్ముకుని నడిస్తే ఊరు చేరతాడో లేదో చెప్పలేం. పైగా ఈ విద్య దీనొక్కదానికే వచ్చా అంటే అదీ కాదు. యూరప్ నుంచి వచ్చి అమెరికా రోడ్ల పక్కన పిచ్చిగా పెరిగే ప్రిక్లీ లెట్యూస్ అనే కలుపు మొక్క కూడా ఆకుల్ని ఇలాగే నిలువుగా ఉత్తరం దక్షిణం తిప్పుకుంటుంది, దాన్ని కూడా కాంపస్ ప్లాంట్ అనే పిలిచేవాళ్లున్నారు. ఒక్క దిక్కు చూసి నిర్ధారించేసుకుంటే కలుపు మొక్కకి సలాం కొట్టి వచ్చినట్టవుతుంది. ఆ రెంటినీ విడదీయడం తేలికే: లెట్యూస్ ఆకు తుంపితే పాలు కారతాయి, ఆకు కింద మధ్య ఈనె పొడవునా వరసగా ముళ్లుంటాయి, పువ్వు మరీ చిన్నది, అరంగుళం కూడా ఉండదు. కాంపస్ ప్లాంట్‌కి పాలు రావు, బంక వస్తుంది.

దిక్కు సంగతి అటుంచి ఆకు ఆకారం చూడాలి, సగం పని అక్కడే అయిపోతుంది. అడుగు ఆకు ఒకటిన్నర అడుగు, ఒక్కోసారి రెండడుగుల పొడవు కూడా ఉంటుంది, రెండు వైపులా మధ్య ఈనె దాకా లోతుగా చీలికలు చీలికలుగా కోసి ఉంటుంది, ఆ చీలికలకి మళ్లీ చిన్న చిన్న గంట్లు ఉండొచ్చు. ముట్టుకుంటే తోలులా మందంగా, గరుకుగా ఉంటుంది. పొద్దుతిరుగుడు ఆకు ఎంత పెద్దదైనా ఇలా చీలి ఉండదు. కాండం మీద ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, ఎదురెదురుగా జంటలుగా రావు, పైకి పోయేకొద్దీ చిన్నవైపోతాయి. కాండం గుండ్రంగా, బలంగా, తెల్లటి బిరుసు నూగుతో ఉంటుంది, వేలు పెట్టి కింద నుంచి పైకి రాస్తే చర్మానికి గుచ్చుకున్నట్టు తెలుస్తుంది. ఎత్తు 6 నుంచి 10 అడుగులు మామూలే, మంచి నేల దొరికితే ఇంకా పోతుంది.

చీలిన ఆకు, పసుపు పువ్వు, ఎత్తు, ఈ మూడూ ఉన్న ఇంకో మొక్క ఉంది, అదే కట్‌లీఫ్ కోన్‌ఫ్లవర్, రుడ్‌బెకియా లాసినియేటా. శాస్త్రీయ నామంలో రెండో ముక్క కూడా దాదాపు ఒకటే కావడంతో కొత్తవాళ్లు ఇక్కడ బాగా తికమక పడతారు. దాని కాండం నున్నగా ఉంటుంది, పువ్వు మధ్య భాగం ఆకుపచ్చగా బుడిపెలా పైకి లేచి ఉంటుంది, రేకులు కిందికి వేలాడతాయి, పైగా అది తడి నేలలు, వాగుల పక్క నీడలు వెతుక్కునే మొక్క. కాంపస్ ప్లాంట్ నిండు ఎండలో బతికే మొక్క, దాని పువ్వు మధ్య భాగం చదునుగా ఉంటుంది, రేకులు పక్కలకి విప్పుకుని ఉంటాయి.

ఇక అసలు ఋజువు పువ్వులో ఉంది, కాకపోతే పైనుంచి చూస్తే కనపడదు. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి బోలెడు చిన్న పువ్వుల గుంపు, చామంతి, బంతి, పొద్దుతిరుగుడు అన్నీ ఇదే కుటుంబం, అంచులో రేకుల్లా కనపడేవి ఒక రకం పువ్వులు, మధ్యలో గుత్తిగా ఉండేవి ఇంకో రకం. కర్నూలు వైపు పొద్దుతిరుగుడు వేసిన రైతుని అడిగితే గింజ ఎక్కడ పడుతుందో కళ్లు మూసుకుని చెప్తాడు, మధ్యలో చక్రమంతా గింజే, అంచు రేకులు ఎండి రాలిపోతాయి, వాటికి గింజ రాదు. కాంపస్ ప్లాంట్ ఉన్న సిల్ఫియం గుంపులో ఇది పూర్తిగా తిరగబడింది. అంచు పువ్వులకే గింజ పడుతుంది, మధ్య పువ్వులు పుప్పొడి ఇచ్చి ఎండిపోతాయి, వాటిలో గింజ కట్టదు. ఆగస్టు చివర్లో వాడిన తల ఒకటి పట్టుకుని రేకుల్లో ఒకదాన్ని మెల్లగా లాగితే దాని అడుగున చదునుగా, పల్చగా, అంచుకి రెక్కలాంటి పొరతో పచ్చి గింజ ఊడి వస్తుంది, మధ్యలో పుల్లల్లా ఉన్నవాటిని ఎన్ని పీకినా పొట్టు తప్ప ఏమీ రాదు. ఈ ఒక్క పరీక్ష చాలు పొద్దుతిరుగుడా కాదా అని తేల్చడానికి, దీనికి భూతద్దం కూడా అక్కర్లేదు. ముదిరిన గింజ దాదాపు సెంటీమీటర్ పైన ఉంటుంది, కొన దగ్గర చిన్న గంటు ఉంటుంది.

పువ్వు వెనక్కి తిప్పి చూడటం కూడా అలవాటు చేసుకోవాలి, ఎందుకో చాలామంది ఆ పని చేయరు. కాంపస్ ప్లాంట్ తల 3, 4 అంగుళాల వెడల్పు ఉంటుంది, దాని వెనక ఆకుపచ్చ రక్షక పత్రాలు పెద్దవిగా, వెడల్పుగా, కొన మొనదేలి, నూగుతో, కొంచెం వెనక్కి వంగి ఉంటాయి. చాలా పొద్దుతిరుగుడు రకాల్లో ఇవి సన్నగా ఉంటాయి. కాండం పై భాగంలో గాయం తగిలిన చోట బంక బొట్లు కట్టి ఉంటాయి, గట్టిపడ్డాక తెల్లగా గింజల్లా కనపడతాయి, నలిపితే పైన్ చెట్టు వాసన లాంటిది వస్తుంది. స్థానిక అమెరికన్ తెగల పిల్లలు, తర్వాత వచ్చిన వలసదారుల పిల్లలు దీన్ని చూయింగ్ గమ్‌లా నమిలేవాళ్లు. ఇంకో చిన్న ఆనవాలు, కొన్ని మొగ్గలు మెడ దగ్గర తెగి పీచుకి వేలాడుతూ కనపడితే అది గాలి పని కాదు, తలలు కత్తిరించే ఒక ముక్కు పురుగు ఉంది, సిల్ఫియం మొక్కలంటే దానికి మహా ఇష్టం, కాకపోతే పొద్దుతిరుగుడునీ వదలదు కాబట్టి దీన్ని సాక్ష్యంగా మాత్రం పెట్టుకోకూడదు.

సిల్ఫియం అని తేలిందనుకుందాం, ఏ సిల్ఫియం అన్నది తర్వాతి ప్రశ్న. చికాగో చుట్టుపక్కల ముఖ్యంగా నాలుగు కనపడతాయి. ప్రెయిరీ డాక్ ఆకులు నేల దగ్గర పారలంత పెద్దగా, చీలికలు లేకుండా, గరగరలాడుతూ ఉంటాయి, పువ్వులు మోసే కాండం నున్నగా, దాదాపు ఆకులే లేకుండా పైకి పోతుంది. దీని ఆకులు కూడా కొంతవరకు ఉత్తరం దక్షిణం తిరుగుతాయి, చూశారా, దిక్కు పరీక్ష సొంత కుటుంబంలోనే ఫెయిలవుతుంది. కప్ ప్లాంట్‌కి కాండం నలుపలకలు, ఎదురెదురు ఆకులు రెండూ మొదట్లో కలిసిపోయి కాండం చుట్టూ గిన్నెలా ఏర్పడతాయి, వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయి, పిట్టలు తాగుతాయి, దీన్ని ఇంకోదానితో పొరబడటం కష్టం. రోజిన్‌వీడ్ వీటిలో పొట్టిది, ఆకులు ఎదురెదురుగా కాండాన్ని అంటుకుని ఉంటాయి గానీ గిన్నె కట్టవు, కాండం గుండ్రమే. నాలుగోది మన కాంపస్ ప్లాంటే. కాకపోతే ఒక చిక్కుంది, కాంపస్ ప్లాంటూ ప్రెయిరీ డాకూ పక్కపక్కనే ఉన్నచోట రెండూ కలిసి సంకరం అవుతుంటాయి, అప్పుడు ఆకు పూర్తిగా చీలకుండా, పూర్తిగా నిండుగానూ లేకుండా మధ్యరకంగా వస్తుంది. అలాంటిది కనపడితే ఏదో ఒక పేరు బలవంతంగా తగిలించకుండా సంకరం అని రాసుకోవడమే నిజాయితీ.

ఇప్పుడు నేల సంగతి. 1820 ప్రాంతంలో ఇల్లినాయిస్‌లో సుమారు 2.2 కోట్ల ఎకరాల ప్రెయిరీ ఉండేదని లెక్క. ఈ గడ్డి వేళ్లు దట్టం, నేల జిగట, దాంతో కర్ర, పోత ఇనుము నాగళ్లు మట్టి అంటుకుపోయి ముందుకి సాగేవి కావు. 1837లో అదే రాష్ట్రంలోని గ్రాండ్ డీటూర్‌లో జాన్ డీర్ అనే కమ్మరి నున్నటి ఉక్కు నాగలి తయారుచేశాడు, అక్కడి నుంచి కథ మారిపోయింది. ఆ నల్లటి నేలంతా మొక్కజొన్న, సోయా అయిపోయింది, మంచి నాణ్యతతో మిగిలిన అసలు ప్రెయిరీ ఆ రాష్ట్రంలో ఇప్పుడు సుమారు 2,500 ఎకరాలే. మరి ఆ మిగిలింది ఎక్కడ మిగిలింది అంటే నాగలి వెళ్లని చోట. వలసదారుల పాత శ్మశానాలు, రైలు పట్టాల పక్కన కంచె లోపలి పీలికలు, రాళ్ల గుట్టలు, అంతే. సమాధులున్న చోట ఎవరూ దున్నరు కదా. రైలు పట్టాల పక్కన అయితే ఆవిరి ఇంజన్ల నిప్పురవ్వలు పడి అప్పుడప్పుడు గడ్డి తగలబడేది, అది ప్రెయిరీకి మేలే చేసింది, ఎందుకంటే మంట లేకపోతే పొదలూ చెట్లూ కమ్మేస్తాయి, ప్రెయిరీ మొక్కల ప్రాణం మాత్రం నేల కింద భద్రంగా ఉంటుంది. మెక్లీన్ కౌంటీలో వెస్టన్ సెమెటరీ ప్రెయిరీ అని 5 ఎకరాల ముక్క ఉంది, చుట్టూ పొలాలు, మధ్యలో ఈ పాత గడ్డి.

కాంపస్ ప్లాంట్ తల్లివేరు 10, 15 అడుగుల లోతు పోతుంది, మొక్క దశాబ్దాల తరబడి బతుకుతుంది, నూరేళ్ల దాకా బతకొచ్చని అంచనా. అందుకే పట్టాల పక్కన గడ్డి కోసేసిన చోట ఒంటరిగా ఒక్క కాంపస్ ప్లాంట్ నిలబడి ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, చుట్టూ ఉన్నవన్నీ పోయాక వేరు బలంతో అది మాత్రం మిగిలిపోయి ఉండొచ్చు. కానీ ఇక్కడ తొందరపడటం కూడా తప్పే. ఈమధ్య హైవేల పక్కన, పార్కుల్లో, ఆఫీసు క్యాంపస్‌లలో విత్తనాలు చల్లి పెంచిన ప్రెయిరీలు బోలెడున్నాయి, వాటిలో కాంపస్ ప్లాంట్ తప్పకుండా వేస్తారు. కాబట్టి మొక్క ఉన్నంత మాత్రాన అది పాత నేల అనలేం. తేల్చాలంటే దాని పొరుగువాళ్లని చూడాలి. ప్రెయిరీ డ్రాప్‌సీడ్ గడ్డి, లెడ్‌ప్లాంట్, క్రీమ్ వైల్డ్ ఇండిగో, వైల్డ్ క్వినైన్, ఇలాంటివి ఒకచోట కలిసి ఉండి, వరసా లెక్కా లేకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటే నేల దున్నబడలేదనే అనుమానం బలపడుతుంది. చుట్టూ బ్రోమ్ గడ్డి, తెల్ల తీపి క్లోవర్, క్వీన్ యాన్స్ లేస్ మాత్రమే ఉంటే అది చెడిపోయిన నేల, మొక్క ఒక్కటే మొండిగా బతికిందని అర్థం. మొక్కల్ని చూసి నేల నాణ్యత అంచనా వేయడానికి అక్కడి వృక్షశాస్త్రవేత్తలు ఒక్కో మొక్కకి 0 నుంచి 10 దాకా మార్కులిచ్చే పద్ధతి కూడా పెట్టుకున్నారు, ఎక్కడైనా పెరిగేదానికి సున్నా, చెక్కుచెదరని నేల తప్ప ఇంకెక్కడా ఉండనిదానికి పది.

ఆ వైల్డ్ క్వినైన్ దగ్గర తెలుగువాళ్లు ఒక్క క్షణం ఆగాలి. దాని శాస్త్రీయ నామం పార్థీనియం ఇంటిగ్రిఫోలియం. పార్థీనియం అనగానే గుర్తొచ్చేది మన పొలం గట్ల మీద, ఖాళీ ప్లాట్లలో పెరిగే వయ్యారిభామే కదా, అవును, అదీ ఇదీ దగ్గరి చుట్టాలే. ఇక్కడ దురదలు తెప్పించే కలుపు అని పీకి పారేస్తాం, అక్కడ దాని అక్క కనపడితే మంచి ప్రెయిరీ దొరికిందని సంబరపడతారు. ఇంకో సంగతి, అంచు పువ్వులకి గింజ, మధ్య పువ్వులకి సున్నా అనే సిల్ఫియం పద్ధతి వయ్యారిభామలోనూ ఉంది, చిన్న తెల్ల పువ్వులో అంచున ఉండే ఐదింటికే గింజ. చేత్తో పట్టుకుని పరీక్షించమని మాత్రం ఎవరికీ చెప్పలేం, అలర్జీ వస్తే ఆ బాధ ఓ పట్టాన తగ్గదు.

చూడాలనుకుంటే చికాగో పశ్చిమ శివార్లలో ఉండే తెలుగువాళ్లకి పెద్ద ప్రయాణం కూడా అక్కర్లేదు. అరోరా బాలాజీ గుడికి వెళ్లొచ్చేవాళ్లకి పక్కనే బటేవియాలో ఫెర్మీల్యాబ్ ఉంది, అణువుల లోపల ఏముందో వెతికే ఆ ల్యాబ్ స్థలంలోనే 1975 నుంచి రాబర్ట్ బెట్జ్ అనే జీవశాస్త్రవేత్త చొరవతో ప్రెయిరీని మళ్లీ పెంచారు, శ్మశానాల్లో, పట్టాల పక్కన మిగిలిన మొక్కల విత్తనాలు ఏరి తెచ్చి మరీ. లైల్‌లో మోర్టన్ ఆర్బొరేటమ్‌లోని షూలెన్‌బర్గ్ ప్రెయిరీ ఇంకా పాతది, 1962లో మొదలైంది. అసలు మిగులు నేల చూడాలంటే మోరిస్ దగ్గర గూస్ లేక్ ప్రెయిరీ ఉంది. కాంపస్ ప్లాంట్ పూత జులై, ఆగస్టుల్లో జోరుగా ఉంటుంది, కానీ ఆకు బాగా చూడాలంటే మే చివర, జూన్ మంచిది, చుట్టూ గడ్డి ఇంకా ఎదగదు కాబట్టి అడుగు ఆకులు స్పష్టంగా కనపడతాయి.

డాలస్, ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉన్నవాళ్ల కథ కొంచెం వేరు. అక్కడి బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ కూడా మన నల్లరేగడి లాంటిదే, ఎండితే నెర్రెలు విచ్చే నేల, అది కూడా చాలావరకు పొలాలై, ఇళ్లై పోయింది. ఆ వైపు కాంపస్ ప్లాంటూ ఉంది, దానితోపాటు సున్నపురాయి నేలల్లో ఇలాగే లోతుగా చీలిన గరుకు ఆకులతో, పొట్టిగా, తెల్ల పువ్వులు పూసే సిల్ఫియం ఆల్బిఫ్లోరమ్ కూడా ఉంది, అది టెక్సాస్‌లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. ఆకు చూసి కాంపస్ ప్లాంట్ అనుకుని, పువ్వు తెల్లగా ఉందేంటని బుర్ర గోక్కునేవాళ్ల కోసం ఈ మాట.

ఫోటో తీసి ఎవరినైనా అడగాలనుకుంటే పువ్వు అందంగా ఉందని అదొక్కటే తీసి పెట్టొద్దు. అడుగు ఆకు ఒకటి పూర్తిగా, కాండం మీద ఆకు అతుక్కున్న చోటు, నూగు కనపడేలా కాండం దగ్గరి నుంచి, పువ్వు వెనక భాగం, చివరగా రెండడుగులు వెనక్కి జరిగి చుట్టుపక్కల గడ్డితో కలిపి ఒకటి, ఇవి ఉంటే తెలిసినవాళ్లు క్షణంలో చెప్పేస్తారు. ఎక్కడ తీశారో ఊరూ, నేల తడిదా పొడిదా అన్నదీ రాస్తే ఇంకా మంచిది. కోయడాలు, తవ్వడాలు మాత్రం వద్దు, రక్షిత స్థలాల్లో అది నేరం, పైగా అంత లోతు తల్లివేరు ఉన్నదాన్ని పారతో తవ్వి తెస్తే దాదాపు బతకదు. పెరట్లో కావాలంటే స్థానిక మొక్కలమ్మే నర్సరీలో చిన్న మొక్క కొనుక్కోవాలి, మొదటి కొన్నేళ్లు ఆకులే తప్ప పువ్వు కనపడదు, ఆ ఓపిక ఉండాలి. కొనేటప్పుడు లేబుల్ మీద లాసినియేటమ్ అని ఉందో లేదో చూసుకోండి, కప్ ప్లాంట్‌ది పర్ఫోలియేటమ్, దాన్ని న్యూయార్క్, కనెక్టికట్ వైపు విపరీతంగా పాకిపోతుందని నిషేధిత మొక్కల జాబితాలో పెట్టారు.